పేరు ఉంచుకున్నారు... కొట్లు అమ్మేశారు!

1792లో లండన్‌లోని ఒక చిన్న వీధిలో మొదలైన పేపర్ల కొట్టు ఊరూరికీ పాకింది. బ్రిటన్‌లో రైలెక్కే ప్రతి మనిషికీ ఆ పేరు తెలుసు. 2025లో ఊళ్లలో ఉన్న ఆ బోర్డులన్నిటికీ ఒకేసారి కాలం చెల్లింది. కొట్లు ఉన్నాయి, పనిచేసేవాళ్లూ ఉన్నారు. పేరే మారిపోయింది. డబ్ల్యూహెచ్ స్మిత్ కథ ఇది.

ఇంట్లో ఉన్న పుస్తకం ఏదైనా ఒకసారి తిప్పి వెనక అట్ట చూడండి. నల్లగీతల దగ్గర 978తో మొదలయ్యే 13 అంకెలు ఉంటాయి. మన దేశంలో అచ్చయినదైతే ఆ వెంటనే 81 గానీ, 93 గానీ కనిపిస్తుంది. అదే ఐఎస్‌బీఎన్. ప్రపంచంలో ఏ మూల అచ్చయిన పుస్తకాన్నయినా ఇట్టే పట్టిచ్చే ఆ నంబరు ఏ ప్రభుత్వం బుర్రలోంచో వచ్చింది కాదు. ఇంగ్లండులో పేపర్లూ పెన్నులూ పుస్తకాలూ అమ్ముకునే ఒక సంస్థకి వచ్చిన గోదాము కష్టాల్లోంచి పుట్టింది.

1960ల్లో డబ్ల్యూహెచ్ స్మిత్ తన గోదాములోకి కంప్యూటర్ తేవాలనుకుంది. కంప్యూటర్‌కి పేర్లు చెబితే పని జరగదు. ఒకే పేరుతో నాలుగు నవలలు ఉంటాయి, ఒకే నవలకి మూడు ముద్రణలు ఉంటాయి. ప్రతి పుస్తకానికీ తనదంటూ ఒక నంబరు ఉండాలి. గణాంకశాస్త్ర ఆచార్యుడు గోర్డన్ ఫోస్టర్ స్మిత్ కోసం, మరికొందరు పుస్తక వ్యాపారుల కోసం 1965లో 9 అంకెల పద్ధతి తయారుచేశాడు. అందులో గమ్మత్తంతా చివరి అంకెదే. ముందున్న అంకెలతో ఒక లెక్క వేస్తే వచ్చేది అది. గుమస్తా ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు చేసినా లెక్క కుదరదు. యంత్రం వెంటనే పట్టేస్తుంది. ఆ లెక్కలో ఒక్కోసారి పది వస్తుంది. రెండంకెలు రాయడానికి చోటు లేదు కనుక రోమన్ పది, అంటే ఎక్స్ అక్షరం వేస్తారు. పాత ఇంగ్లిషు పుస్తకాల మీద నంబరు చివర ఎక్స్ ఎందుకుందో ఇప్పుడు తెలిసిందిగా! 1970లో అంతర్జాతీయ ప్రమాణంగా మారినప్పుడు ఆ నంబరు 10 అంకెలైంది. 2007 నుంచి 13.

ఇంతటి ఘనమైన జ్ఞాపకాన్ని ప్రతి పుస్తకం వీపు మీదా వదిలిన సంస్థ, తన సొంత ఊళ్లలో తన పేరుని నిలబెట్టుకోలేకపోయింది. అది ఎలా జరిగిందో తెలియాలంటే గుర్రబ్బళ్ల కాలానికి వెళ్లాలి.

బోర్డు మీద లేని పేరు

1792. లండన్‌లో లిటిల్ గ్రోవ్‌నర్ స్ట్రీట్. హెన్రీ వాల్టన్ స్మిత్, ఆయన భార్య అన్నా కలిసి పేపర్లు వేసే వ్యాపారం పెట్టారు. కొన్ని నెలలు తిరక్కుండానే హెన్రీ పోయాడు. చేతిలో పసిబిడ్డ, నెత్తిన కొత్త వ్యాపారం. ఇంకొకరైతే అమ్మేసి పుట్టింటికి వెళ్లేవారేమో. అన్నా అమ్మలేదు. 1816లో తాను కన్నుమూసేదాకా, అంటే పాతికేళ్లకి ఒక్క ఏడాది తక్కువగా, కొట్టు నడిపింది. తర్వాత బోర్డు మీదకెక్కిన డబ్ల్యూ, హెచ్ అక్షరాలు ఆ పసిబిడ్డవి... విలియం హెన్రీ స్మిత్‌వి. ఆ పేరు పెట్టుకోవడానికి ఒక కొట్టంటూ మిగిల్చిన ఆమె పేరు మాత్రం ఏ బోర్డు మీదా లేదు.

విలియం హెన్రీ మహా చురుకైనవాడు. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పేపరు చాలా ఖరీదు. 1815 నుంచి ఒక్కో ప్రతి మీద నాలుగు పెన్నీల స్టాంపు పన్ను. ఆ పన్నుకి బదులుగా పేపర్ని తపాలా శాఖ ఉచితంగా మోసేది. ఉచితం కదా అని సంబరపడితే ఒక చిక్కుంది. తపాలా బళ్లు లండన్‌లో బయల్దేరేది రాత్రికి. పేపరు వచ్చేదేమో పొద్దున్నే. పొద్దున అచ్చయిన వార్త పగలంతా మూటలో మగ్గి, మర్నాడెప్పుడో ఊరు చేరేది.

స్మిత్ ఆ ఉచితాన్ని వదులుకున్నాడు. తెల్లవారుజామునే పేపర్లు తెచ్చి కట్టలు కట్టించి, పొద్దున్నే బయల్దేరే ప్రయాణికుల బళ్ల మీద డబ్బు పెట్టి పంపించాడు. కట్ట ఆలస్యమై బండి వెళ్లిపోతే? తేలికపాటి బళ్లకి మెరికల్లాంటి గుర్రాలు కట్టించి దాన్ని తరిమి పట్టుకునేవారు. 1830లో నాలుగో జార్జి రాజు మరణవార్తని ప్రత్యేకంగా పడవ మాట్లాడి మరీ డబ్లిన్‌కి చేర్చాడనీ, రాజదూత కంటే ఒకరోజు ముందే అక్కడి జనానికి తెలిసిపోయిందనీ చెబుతారు. తెల్లవారుజామున మన బస్టాండుల్లో నేల మీద కూర్చుని కట్టలు విప్పి పేపర్లు పంచుకునే ఏజెంట్లని చూసినవారికి ఆ హడావిడి కొత్తగా అనిపించదు. వార్త విలువంతా గంటల్లో ఉందని కనిపెట్టిన తొలితరం మనిషి స్మిత్.

కొవ్వొత్తి, కంబళి, నవల

విలియం హెన్రీకి ఒక్కగానొక్క కొడుకు. పేరు కూడా తండ్రిదే. కుర్రాడికి చర్చిలో మతగురువు కావాలని కోరిక. తండ్రి వినలేదు. 1846లో వ్యాపారంలో భాగస్వామిని చేసి కూర్చోబెట్టాడు. బోర్డు ‘డబ్ల్యూ హెచ్ స్మిత్ అండ్ సన్’ అయింది. ఆ ఇష్టంలేని కొడుకే కొట్టుని సామ్రాజ్యం చేశాడు!

అప్పుడే దేశమంతా రైలుపట్టాలు పడుతున్నాయి. గుర్రబ్బండి కుదుపుల్లో ఎవరూ చదవలేరు. రైల్లో చదవొచ్చు. పైగా గంటల తరబడి వేరే పనుండదు. స్టేషన్లలో అప్పటికే చిన్న చిన్న స్టాళ్లు ఉండేవి. ప్రమాదాల్లో కాళ్లో చేతులో పోగొట్టుకున్న రైల్వే ఉద్యోగులకో, చనిపోయినవారి భార్యలకో కంపెనీలు దయతలచి ఇచ్చినవి అవి. పాత పేపర్లు, రొట్టెలు, చవకబారు బూతు పుస్తకాలు... అన్నీ ఒకే బల్ల మీద. 1848 నవంబరు 1న లండన్‌లోని యూస్టన్ స్టేషన్లో స్మిత్ మొదటి బుక్‌స్టాల్ తెరుచుకుంది. స్టాళ్లు శుభ్రమయ్యాయి, బూతు పుస్తకాలు పోయాయి. చిన్న స్మిత్‌ని జనం ‘నార్త్ వెస్టర్న్ మిషనరీ’ అని ఆటపట్టించేవారు... ఆ రైల్వే కంపెనీ పేరు కలిపి. మతగురువు కావాలన్న కోరిక అలా కొంత తీరిందనుకోవాలి. బల్ల మీద బతికిన ఆ పేదవాళ్ల సంగతి మాత్రం చాలా చరిత్రల్లో ఒక్క వాక్యంతో సరి!

స్టాళ్లలో పుస్తకాలే కాదు, చీకటి పెట్టెల్లో చదువుకోవడానికి కొవ్వొత్తులు కూడా అమ్మేవారు. చలికి కంబళ్లు అద్దెకిచ్చేవారు. 1860లో అద్దె గ్రంథాలయం మొదలైంది. ఒక స్టేషన్లో నవల తీసుకుని, దిగిన స్టేషన్లో ఇచ్చేయొచ్చు. మన రోజుల్లో యాప్‌తో చేసే పనులన్నీ కొత్తవేం కాదు!

ఈ గ్రంథాలయానికి ఎంత బలముండేదంటే... అప్పట్లో ఇంగ్లిషు నవలలు మూడేసి సంపుటాలుగా వచ్చేవి. ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. కొనేవాళ్లు అరుదు, అద్దెకి తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. 1894లో స్మిత్, దానికి పోటీదారైన మ్యూడీ గ్రంథాలయం ఒక మాట మీదకొచ్చి, సంపుటానికి 4 షిల్లింగుల కంటే ఎక్కువ ఇవ్వబోమని ప్రచురణకర్తలకి చెప్పేశాయి. అంతే. దశాబ్దాలుగా సాగిన మూడు సంపుటాల నవల రెండు మూడేళ్లలో దాదాపు మాయమైపోయింది. అదే ఏడాది జార్జ్ మూర్ రాసిన ‘ఎస్తర్ వాటర్స్’ నవలని స్మిత్ తన అరల్లోకి రానివ్వలేదు. పెళ్లికాకుండా తల్లయిన పనిమనిషి కథ అది. ఏది చదవాలో కొట్టువాడు తేల్చడమేమిటని రచయితలు మండిపడ్డారు. ఆ పెత్తనం చాలాకాలం పోలేదు. ‘ప్రైవేట్ ఐ’ అనే వ్యంగ్య పత్రికని కూడా స్మిత్ ఏళ్ల తరబడి అమ్మలేదు. వాళ్లూ ఊరుకోలేదు. సంస్థకి ‘డబ్ల్యూహెచ్ స్మట్’ అని పేరుపెట్టారు. స్మట్ అంటే బూతు!

చిన్న స్మిత్ రాజకీయాల్లోనూ పైకొచ్చాడు. 1868లో వెస్ట్‌మినిస్టర్ నియోజకవర్గంలో ఓడించింది ఎవర్నో తెలుసా? తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్‌ని. 1877లో ఏకంగా నౌకాదళ మంత్రి. ఓడల గురించి ఓనమాలు తెలియని పేపర్ల వ్యాపారి నౌకాదళానికి మంత్రేమిటని లోకం నవ్వింది. మర్నాటి ఏడాదే గిల్బర్ట్, సల్లివన్‌ల సంగీత నాటకం ‘హెచ్‌ఎంఎస్ పినాఫోర్’ లండన్ రంగస్థలం ఎక్కింది. అందులో సముద్రం మొహం చూడకుండానే నౌకామంత్రి అయిన పాత్ర ఒకటి ఉంది. పాపం, ఆయనకి ‘పినాఫోర్ స్మిత్’ అనే పేరు అతుక్కుపోయింది.

ఆ గాలి మనదాకా

స్టేషన్లో బుక్‌స్టాల్ అనే ఆలోచన మన రైళ్ల వెంట మన దాకా వచ్చింది. 1877లో అలహాబాదులో మొదలైన ఏహెచ్ వీలర్ ఉత్తరాది స్టేషన్లలో స్థిరపడింది. 1888లో ఆ సంస్థ ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ పేరిట రడ్యార్డ్ కిప్లింగ్ కథల పుస్తకాలు ఆరు వేసింది. ఒక్కోటి రూపాయి. అప్పటికి కిప్లింగ్‌కి పాతికేళ్లు కూడా లేవు. దక్షిణాదిలో మద్రాసు హిగిన్‌బాథమ్స్‌ది ఆ స్థానం. 1844లో పుట్టిన పుస్తకాల కొట్టు అది. రైలు కదలబోతుంటే పరుగున వెళ్లి హిగిన్‌బాథమ్స్ స్టాల్లో వారపత్రిక కొనుక్కుని, చిల్లర కోసం కిటికీలోంచి చెయ్యి చాచిన తరాలు మన దగ్గరా ఉన్నాయి.

పది వారాలు... 144 కొట్లు

స్మిత్ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే ఘట్టం 1905ది. స్టేషన్లో ఉన్న స్టాల్ ఎప్పటికీ స్మిత్‌ది కాదు, రైల్వే కంపెనీది. అమ్మకాలు పెరిగేకొద్దీ అద్దె పెరిగింది. ఆ ఏడాది గ్రేట్ వెస్టర్న్, లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ కంపెనీలు ఒప్పందం తిరగరాసేటప్పుడు మరీ ఎక్కువ అడిగాయి. యూస్టన్‌లో మొదటి స్టాల్‌కి చోటిచ్చింది ఆ రెండోదే! స్మిత్ భాగస్వామి సెయింట్ జాన్ హార్న్‌బీ కుదరదన్నాడు. రెండు వందలకు పైగా స్టాళ్లు ఒక్కదెబ్బకి పోయాయి.

అప్పుడు హార్న్‌బీ చేసిన పని చూడండి. స్టాల్ పోయిన ప్రతి ఊళ్లో, స్టేషన్‌కి వెళ్లే దారిలోనే కొట్టు వెతికి అద్దెకి తీసుకోమని మనుషుల్ని పంపాడు. జనం రైలెక్కేముందు ఎటూ ఆ దారినే నడవాలి కదా! సుమారు పది వారాల్లో 144 కొట్లు సిద్ధమయ్యాయి. 1906 కొత్త సంవత్సరం నాటికి స్టాళ్లలో పనిచేసినవాళ్లంతా కొట్లలో కౌంటర్ల వెనక ఉన్నారు. ఊళ్ల ప్రధాన వీధుల్లో స్మిత్ కొట్టు ఉండటమనే అలవాటు అలా వచ్చింది. అంటే ముందుచూపుతో వేసిన పథకం కాదు, అద్దె తగాదాలోంచి పుట్టిన అవసరం.

హార్న్‌బీ అక్షరాల పిచ్చివాడు. సొంతంగా చేతి అచ్చుయంత్రం పెట్టుకుని అందమైన పుస్తకాలు అచ్చువేసేవాడు. 1903లో పారిస్‌లో తెరిచిన కొట్టుకి బోర్డు మీద అక్షరాలు రాసింది, తర్వాత అక్షరశిల్పిగా ప్రపంచప్రసిద్ధుడైన ఎరిక్ గిల్. దేశమంతటా కొట్లన్నిటికీ ఒకే తీరు బోర్డు ఉండాలని పట్టుబట్టిన తొలి సంస్థల్లో ఇదొకటి.

వారసులు వెళ్లారు, లెక్కలవాళ్లు వచ్చారు

1948లో కుటుంబ పెద్ద మూడో వైకౌంట్ హాంబల్డన్ చనిపోయాడు. వారసత్వ పన్ను తడిసి మోపెడయింది. ఆస్తి అమ్మితే తప్ప కట్టలేని పరిస్థితి. 1949లో సంస్థని పబ్లిక్ కంపెనీ చేసి ఉద్యోగులకీ, జనానికీ షేర్లు అమ్మారు. కుటుంబం పట్టు మెల్లగా సడలింది. 1996లో చివరి కుటుంబ సభ్యుడు బోర్డులోంచి తప్పుకున్నాడు.

మధ్యలో సంస్థ చేయని వ్యాపారం లేదు. ఇంటి మరమ్మతుల సామాన్లు, పాటల క్యాసెట్లు, టీవీ... ఒక్కటీ అంతగా అచ్చిరాలేదు. వీటిలో ఒకటి మాత్రం చెప్పుకోవాలి. టిమ్ వాటర్‌స్టోన్ అనే ఉద్యోగిని స్మిత్ తీసేసింది. ఆయన ఆ పరిహారం డబ్బుతోపాటు అప్పు తెచ్చి 1982లో సొంతంగా పుస్తకాల కొట్టు పెట్టాడు. అది ఎంత బాగా నడిచిందంటే, తీసేసిన స్మిత్ సంస్థే 1989 నుంచి వాటాలు కొంటూ 1993 కల్లా ఆ కొట్లన్నీ తన చేతిలోకి తెచ్చుకుంది. సరే, పుస్తక వ్యాపారం మళ్లీ చేతికొచ్చింది కదా! 1998లో దాన్ని 30 కోట్ల పౌండ్లకి అమ్మేసింది. నన్నడిగితే స్మిత్ పతనం ఇంటర్నెట్‌తోనో, సూపర్‌మార్కెట్లతోనో మొదలవలేదు. పుస్తకం మీద పిచ్చిప్రేమ ఉన్న కొట్లని వదులుకున్న రోజే మొదలైంది.

2003లో కేట్ స్వాన్ సీఈఓగా వచ్చారు. ఆమె సూత్రం సూటిగా ఉంటుంది. అమ్మకాలు కాదు, లాభం చూడు. మిగులు తక్కువగా ఉన్న సీడీలు, డీవీడీలు తగ్గించారు. ఖర్చు కోశారు. పేపరు కొనడానికి వచ్చినవారికి బిల్లు దగ్గర పెద్ద చాక్లెట్ సగం ధరకే కావాలా అని అడిగే పద్ధతి పెరిగింది. 2006లో అప్పటి ప్రతిపక్ష నేత డేవిడ్ కామెరాన్ దీన్నే పట్టుకున్నారు. దేశం ఊబకాయంతో అవస్థ పడుతుంటే బిల్లు దగ్గర నారింజపండ్లు పెట్టకుండా చాక్లెట్ నారింజలు ఎందుకు పెడుతున్నారని నిలదీశారు. అయినా లెక్కలు స్వాన్ పక్షానే ఉన్నాయి. ఏటా అమ్మకాలు తగ్గేవి, లాభం మాత్రం పెరిగేది! 2009 జనవరిలో వూల్‌వర్త్స్ మూతపడింది. అదే ఏడాది చివర బోర్డర్స్ పుస్తకాల కొట్లూ పోయాయి. స్మిత్ నిలబడింది.

కానీ ఆ నిలబడటానికి ఊళ్లలో కొట్లు ధర చెల్లించాయి. లాభం తీసుకున్నంతగా కొట్ల మీద ఖర్చుపెట్టలేదు. మాసిపోయి, అంచులు లేచిపోయి, టేపు అంటించిన తివాచీల ఫొటోలు పెట్టడానికే ట్విట్టర్‌లో ఒక ఖాతా వెలిసింది. జనం నవ్వుకున్నారు. ‘విచ్’ అనే వినియోగదారుల సంస్థ సర్వేలో 2018లోనూ, 2019లోనూ దేశంలోని పెద్ద దుకాణాల్లో అట్టడుగు స్థానం స్మిత్‌దే. 2006లో పేపర్ల పంపిణీ వ్యాపారాన్ని విడదీసి వేరే కంపెనీ చేసేశారు. అంటే అన్నా స్మిత్ నడిపిన అసలు వ్యాపారం కూడా సంస్థలో లేకుండా పోయింది.

మళ్లీ స్టేషన్‌కే

తివాచీకి పెట్టని డబ్బు ఎటు వెళ్లింది? విమానాశ్రయాలకి. స్టేషన్లు, విమానాశ్రయాలు, ఆసుపత్రుల్లో ఉండే కొట్లని సంస్థ ‘ట్రావెల్’ విభాగమంటుంది. అక్కడ బేరం ఉండదు, పక్కకొట్టు ఉండదు, విమానానికి టైమవుతుంటుంది. నీళ్ల సీసా, ఇయర్‌ఫోన్లు, మెడకింద దిండు ఎంత చెబితే అంతకి కొంటారు. కొవ్వొత్తి, కంబళి వ్యాపారమే ఇది... వస్తువులు మారాయంతే. ఢిల్లీ విమానాశ్రయంలోనూ ఈ బోర్డు కనిపించింది. 2018, 2019లలో అమెరికాలో రెండు పెద్ద కంపెనీలు కొన్నారు. 2025 నాటికి 32 దేశాల్లో 1,200కు పైగా ట్రావెల్ కొట్లు. ఆదాయంలో నాలుగింట మూడొంతులు, లాభంలో సుమారు 85 శాతం అక్కడిదే.

మిగతాది ఊహించగలరు. 2025 మార్చిలో ఊళ్లలోని 480 కొట్లని, వాటిలో పనిచేసే సుమారు 5 వేలమందితో సహా మోడెల్లా క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థకి అమ్ముతున్నట్లు ప్రకటించారు. విలువ 7.6 కోట్ల పౌండ్లుగా కట్టారు. జూన్ ఆఖర్లో అప్పగింతలయ్యేనాటికి స్మిత్ చేతికి వచ్చేది అందులో చాలావరకు తగ్గిపోయింది. పేరు మాత్రం బేరంలో లేదు. అది విమానాశ్రయాలకి కావాలి!

విమానాశ్రయాల్లోనైనా అంతా సవ్యంగా లేదు. 2025 ఆగస్టులో అమెరికా విభాగం లెక్కల్లో లాభాన్ని సుమారు 3 కోట్ల పౌండ్లు ఎక్కువ చేసి చూపారని బయటపడింది. ఒక్కరోజులో షేరు ధర 40 శాతానికి పైగా కూలింది. నవంబరులో సీఈఓ కార్ల్ కౌలింగ్ తప్పుకున్నారు.

ఇక ఊళ్లలో కొట్లకి కొత్త పేరు కావాల్సొచ్చింది. కొన్నవారు ‘టీజీ జోన్స్’ అని పెట్టారు. ఎవరీ జోన్స్? ఎవరూ లేరు. స్మిత్‌లాగే బ్రిటన్‌లో వీధివీధినా వినిపించే ఇంటిపేరు, కుటుంబ వ్యాపారమన్న భావన కలిగిస్తుందని ఎంచుకున్నారు. భర్త పోయినా కొట్టు వదలని అన్నా వంటి మనిషి ఈ పేరు వెనక లేదు.

బ్రిటన్ చిన్న ఊళ్లలో జనం అడిగిన ప్రశ్న మాత్రం బోర్డు గురించి కాదు. బ్యాంకు శాఖలు వరసగా మూతపడ్డాక ఎన్నో ఊళ్లలో డబ్బు వేయాలన్నా తీయాలన్నా పోస్టాఫీసే దిక్కయింది. సొంత భవనాలు వదిలేసిన పోస్టాఫీసు కౌంటర్లు దాదాపు రెండు వందలు, ఈ స్మిత్ కొట్లలోనే వెనక గదిలోనో, పైఅంతస్తులోనో సర్దుకున్నాయి. పెన్నుల అర దాటి, చాక్లెట్ల అర దాటి, ఆ మాసిన తివాచీ మీదుగా నడిచి పార్శిలు చేతబట్టుకుని వరసలో నిలబడే పెద్దవాళ్లు అడిగింది ఒక్కటే... కొట్టు ఎవరిదైతేనేం, ఈ కౌంటర్ ఉంటుందా, పోతుందా?